సరోజినీ రేటుకు రాని సాక్ష్యం

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కొంచెం పెంచి చెబుతాను. ఆ "కొంచెం" అన్న మాట ఒక్కటే నా జన్మలో నేను తగ్గించి చెప్పినది. మా వంటింటి కుళాయి కారితే యమునకు వరదొచ్చిందంటాను. మెట్రోలో ఎవరైనా కాలు తొక్కితే, నేనైతే ఇంటికొచ్చాను గానీ కాలు ఇంకా రాజీవ్ చౌక్‌లోనే ఉందంటాను. ఇది అలవాటు కాదు, వంశపారంపర్యం. మా నాన్న ఒకసారి పొలం గట్టు మీద పామును చూశాడు. ఇంటి గుమ్మంలో చెప్పినప్పుడు అది జానెడు. మా అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చేసరికి బారెడు. కల్లు దుకాణానికి చేరేసరికి దాని తల మా ఊళ్ళో, తోక మండల కేంద్రంలో. అంచేత ఈ రాసినదాంట్లో ఏది ఎంతో మీరే తూచుకోండి. కాకపోతే పెంచడం వేరు, కల్పించడం వేరు. నేను పెంచుతాను గానీ కల్పించను. ఇందులో మాత్రం ఒక ముక్క కల్పించాను. అదేదో చివర్లో చెప్పేస్తాను.

మా ఇంట్లో నా మాట వినడానికి ఒక పద్ధతి ఉంది. కనిపెట్టింది మా అమ్మాయి. సరోజినీ నగర్ బజారులో బేరమాడటం నేర్చుకున్న ఏడే కనిపెట్టింది. అక్కడ కొట్టువాడు ఎంత చెప్పినా సగం దగ్గర మొదలుపెట్టాలన్నది ఢిల్లీ పిల్లలు ఎక్కాల కంటే ముందు నేర్చుకునే పాఠం. నేను నోరు తెరవగానే "సరోజినీ రేట్, పాపా" అంటుంది. అంటే సగం కోసేసి మిగతాది నమ్ముతారు. ట్రాఫిక్‌లో రెండు గంటలు ఇరుక్కున్నానంటే ఒక గంటకు జాలి చూపిస్తారు. ఒకసారి నూట రెండు జ్వరమని మూలుగుతుంటే తల్లీకూతుళ్ళు లెక్కకట్టి యాభై ఒకటి అన్నారు. ఆ ప్రకారం నన్ను ఆపాటికి పాడె మీద పడుకోబెట్టి ఉండాలి.

నేను ఢిల్లీ వచ్చింది కలెక్టర్ని కావడానికి. కోచింగ్ సెంటర్ల ముఖర్జీ నగర్‌లో గది. ఆ గదిలో ఒళ్ళు విరుచుకుంటే నా చెయ్యి వెళ్ళి పక్కగది కుర్రాడి పుస్తకంలో పేజీ తిప్పేది. కలెక్టరు ఉద్యోగం రాలేదు, టైఫాయిడ్ వచ్చింది. టైఫాయిడ్ వెంట భార్య వచ్చింది. ఆ వార్డులో ఆవిడ నర్సు. పశ్చిమ గోదావరి క్రైస్తవుల పిల్ల. నాది వరంగల్ వైపు, గోడ కనబడకుండా దేవుళ్ళ పటాలున్న ఇల్లు. పెళ్ళినాడు రెండు వైపులా జరిగిన రభస ముందు మా నాన్న పాము ఏపాటి! అదంతా ఇప్పుడు సద్దుమణిగింది. ఇప్పుడు నేను గురుగ్రామ్‌లో ఒక కంపెనీ ప్రకటనలకు మాటలు రాస్తాను. పెంచి చెప్పినందుకు నెల నెలా జీతమిచ్చే పుణ్యాత్ములు కూడా ఉన్నారు లోకంలో.

ఆదివారాలు చర్చికి వెళతాను. చివరి వరస, ఫ్యాను కింద. పాటలు పాడతాను. నేను ఎత్తుకుంటే పావురాలు ఎగరడం మానేసి వింటాయి. బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకోమని ఎవరూ మెడ మీద కూర్చోలేదు. యేసు దేవుడేనా అంటే నాకు ఏనాడూ పేచీ లేదు. దేవుళ్ళకు మా గోడ మీద ఎప్పుడూ చోటుంది. ఇంకొక మేకు కొట్టడం ఎంత పని? పెళ్ళైన కొత్తలో ఈ మాట మా అత్తగారితో అంటే ఆవిడ చిన్నగా నవ్వి, "మేకులు ఆయనకు ఒకసారి కొట్టారు అల్లుడుగారూ, చాలు" అన్నారు. అప్పట్నుంచి ఆవిడ దగ్గర ఆ ప్రస్తావన తేలేదు.

పోయిన చలికాలం ఆవిడే తెచ్చారు.

గుండెలో వాల్వు ఒకటి పాడైందనీ, మార్చాలనీ అక్కడి డాక్టర్లు చెప్పారు. కూతురు పని చేసే ఆసుపత్రిలోనే చేయించుకుందామని ఢిల్లీ వచ్చారు. ఆవిడ రైలు దిగారు. ఆవిడ సామాను దిగేలోపు అదే ప్లాట్‌ఫారం మీదికి ఇంకో రైలు వచ్చింది. ఆవకాయ జాడీ, గోంగూర జాడీ, ఎండు రొయ్యల మూట. ఆ మూట వెంట స్టేషన్ కుక్కలన్నీ టాక్సీ దాకా వచ్చి మమ్మల్ని సాగనంపాయి. అన్నిటికంటే బరువు ఆవిడ బైబిలు. పాత శుభలేఖలూ, ఏటేటా జనవరి ఒకటిన చర్చిలో చీటీ తీసినట్టు తీసిన, బైబిలు వాక్యం రాసిన వాగ్దానం కార్డులూ దూర్చి దూర్చి అది నిండుచూలాలిలా ఉంది. మనిషి మాత్రం పిడికెడు. మిషన్ స్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ వరండాలోకి వస్తుంటే గోడ గడియారం కూడా టైము సరిచేసుకునేదట. ఇది నేను పెంచింది కాదు. మా ఆవిడ చెప్పింది, ఆవిడ పెంచదు.

ఆవిడ ముందు నేను వరంగల్ భాష మాట్లాడను. పెళ్ళైన కొత్తలో నేర్చుకున్న గోదావరి మర్యాదలన్నీ తగిలించుకుని, అద్దెకు తెచ్చిన కోటు వేసుకున్నట్టు జాగ్రత్తగా మాట్లాడతాను. మా ఇంట్లో ఆవిడొక్కరే నా మాటకు సగం కొయ్యరు. మొత్తం వింటారు, మొత్తం నవ్వుతారు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంటారు.

ఢిల్లీ ద్వారకలో మా ఫ్లాటు విమానాలు దిగే దారిలో ఉంది. అవి మా దండెం మీది బట్టలు తాకుతూ వెళతాయి. ఒకసారి నా లుంగీ ఒకటి దుబాయ్ వెళ్ళిపోయిందని నా అనుమానం. ఆసుపత్రిలో చేరడానికి ఇంకా వారం ఉందనగా ఒక మధ్యాహ్నం అత్తగారు బాల్కనీ ఎండలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. నేను పక్కన కూర్చుని, తీసినవాటిలో గింజలు తింటున్నాను.

ఆవిడ తలెత్తకుండానే, ఆపరేషన్ బల్ల ఎక్కేలోపు తనకొక సంగతి తేలాలన్నారు. విమానం వచ్చింది. గోల చేసే క్లాసు సర్దుకునేదాకా ఆగినట్టు ఆగారు. అది దిగిపోయాక అడిగారు.

"యేసు మీకు ఎవరండీ?"

నేను నా పాత మేకు జోకు తీయబోయి మానుకున్నాను. ఆయనంటే చాలా గౌరవమన్నాను. ఆయన చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేదన్నాను. ఆయన బొమ్మ చూస్తే మనసుకు హాయిగా ఉంటుందన్నాను. ఆవిడ ఒక్కొక్క ఈనె తీసి పారేస్తున్నారు. నా వాక్యాలు కూడా ఆ ఈనెల్లోనే పడుతున్నట్టు అనిపించింది.

"గౌరవం పక్కింటి పంజాబీ ఆవిడకు కూడా ఉంది. జీసస్ జీ అంటుంది. నేనడిగేది అది కాదు" అన్నారు.

"ఇప్పుడెందుకండీ ఇది? డాక్టరు మీరు కంగారు పడకూడదన్నారు."

ఆవిడ చిక్కుడుకాయ పళ్ళెంలో పెట్టేశారు.

"నా పెళ్ళయ్యాక నన్ను నవ్వించినవాళ్ళు ఇద్దరే. ఒకరు మీ మామగారు. ఆయన ముందే వెళ్ళిపోయారు, వెళితే కలుస్తాను. రెండోవారు మీరు. అక్కడికి మీరొస్తారో రారో తెలియకుండా నన్ను మత్తులోకి పొమ్మంటే ఎలా చెప్పండి? బలవంతం కాదు. నా కోసం ఊరికే అనమనీ కాదు. ఉన్నదేదో చెప్పండి, చాలు."

నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. కడవెడు తాగి ఉంటాను.

ఆ సాయంత్రం మా ఆవిడకు చెప్పాను. ఆవిడకు ముందే తెలుసు. ఈ వాల్వు మీద కంటే నీ మీదే అమ్మకు బెంగ ఎక్కువ అంది. అదేదో "అవునండీ, ఆయనే దేవుడు" అనేస్తే పోదా, పెద్దావిడ మనశ్శాంతిగా వెళుతుంది కదా అన్నాను. మా ఆవిడ నవ్వలేదు. పరీక్ష హాల్లో కాపీ కొట్టేవాళ్ళను అమ్మ వెనక నుంచి, చెవులు చూసి పట్టుకునేదని చెప్పింది. మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి, "పాపా, అమ్మమ్మ సే ఝూఠ్ మత్ బోల్‌నా" అంది. అబద్ధం చెప్పకు అని కూతురు చెప్పే స్థితికి వచ్చాక ఏ తండ్రికైనా ఆలోచించక తప్పదు.

సరే, ఆలోచిద్దామని కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, ఇన్నేళ్ళు నేను "పేచీ లేదు" అన్నది ఆలోచించాల్సి వస్తుందన్న భయంతోనే అని.

మర్నాడు మళ్ళీ బాల్కనీ. ఆవిడ ఎదురుగా కూర్చుని, అసలు మీరు ఆయన్ని దేవుడంటున్నారా, దేవుడిలాంటి మనిషంటున్నారా అని అడిగాను. నూటికి నూరు పాళ్ళు దేవుడు, నూటికి నూరు పాళ్ళు మనిషి అన్నారు.

"మొత్తం రెండు వందలవుతుంది కదండీ. మీ క్లాసులో నేనిలా చేస్తే సున్నా పెట్టరా?"

"పెడతాను."

"మరి?"

"లెక్కయితే నేనే చేసిపెడుదును. మీ దాకా ఎందుకు?"

నేను వదల్లేదు. ప్రకటనలు రాసేవాణ్ణి, పోలిక దొరక్కపోతే నాకు అన్నం సయించదు. టీ లాంటిదా, పాలూ నీళ్ళూ కలిసిపోయినట్టు? కాదన్నారు. కలిపితే పాలు పాలుగా ఉండవు, నీళ్ళు నీళ్ళుగా ఉండవు. మా ఆవిడ ఆసుపత్రిలో సిస్టరు, ఇంట్లో భార్య, అలాగా? కాదు, అది డ్యూటీ మారడం. ఆయన మనిషి వేషం వేసుకుని డ్యూటీ దిగగానే విప్పెయ్యలేదు. పోనీ ఈ ఢిల్లీ పరిపాలనలాగా సగం కేంద్రం, సగం రాష్ట్రమా? ఆయనలో ఆ తగాదా లేదన్నారు. నా పోలికలన్నిటి మీదా ఎర్రసిరా గీతలు పడ్డాయి. ఇంత పెద్ద కంపెనీలో ఇంత పెద్ద పేరున్న నాకు (సరోజినీ రేటు వేసుకోండి) ఆ రోజు ఒక్క పోలికా పాస్ కాలేదు.

మా పాస్టరుగారిని పట్టుకున్నాను. ఆయన ఆరు రోజులు ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తారు, ఏడోరోజు ప్రసంగం చేస్తారు. మెట్రోలో కలిశారు. ఉత్తమ్ నగర్ నుంచి ద్వారక మోర్ వరకు నిలబడే అడిగాను. ఆయన తల గోక్కుని, ఈ సంగతి మీదే పెద్ద పెద్దవాళ్ళు వందల ఏళ్ళు సభలు పెట్టి వాదించుకున్నారనీ, నేను వచ్చే వారంలోపు తేల్చుకోవాలంటే కష్టమేననీ చెప్పారు. మరి మీకెలా తేలిందండీ అన్నాను. తనకు తేలలేదనీ, తను యేసుకు తేలిపోయాననీ ఏదో అన్నారు. స్టేషన్ వచ్చింది, దిగిపోయారు. ఆ వాక్యం పట్టుకుని నేను నా స్టేషన్ దాటి ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళిపోయాను. కొంచెం ఆదమరిస్తే లుంగీ వెనకాలే నేనూ దుబాయ్ పోయేవాణ్ణి.

చివరికి అత్తగారి బైబిలే అడిగి తీసుకున్నాను. శుభలేఖలు జారిపోకుండా ఒడిలో పెట్టుకుని నాలుగు సువార్తలూ చదివాను. ఇన్నేళ్ళు ముక్కలు ముక్కలుగా విన్నవే. ఈసారి నా పనివాడి కన్నుతో చదివాను. అంటే, ఎవడు ఎక్కడ పెంచాడో పట్టుకుందామని. దొంగ ఇంటికి దొంగే కాపలా.

అక్కడే నా బుర్ర పాడైంది.

పెంచేవాడు ఎప్పుడూ పైకి పెంచుతాడు. ఇది మా నాన్న పాము దగ్గర్నుంచి నాకు తెలిసిన ధర్మం. నన్ను ఒక దేవుణ్ణి రాయమంటే ఆయనకు కోట ఇస్తాను, సైన్యమిస్తాను, ఆకలి లేకుండా చేస్తాను. ఇందులో ఆయన బావి దగ్గర కూలబడి దాహం అంటాడు. స్నేహితుడు చచ్చిపోతే అందరి ముందూ ఏడుస్తాడు. తుఫానులో పడవ మునిగిపోతుంటే తల కింద ఏదో పెట్టుకుని నిద్రపోతుంటాడు. తుఫానులో నిద్రపోయేంత అలసిపోయిన దేవుడు! ఏ ప్రకటనల కంపెనీ ఒప్పుకోదు దీన్ని. చేపలు పట్టేవాళ్ళతో తిరిగి, దొంగల మధ్య చచ్చిపోయినవాణ్ణి, ఈయనే సర్వం సృష్టించినవాడు అని చెప్పాలంటే, చెప్పేవాడికి పెంచడం రాకనన్నా పోవాలి, లేదా పెంచాల్సిన అవసరం లేకనన్నా పోవాలి.

పక్క పేజీ తిప్పితే అదే పడవ, అదే సముద్రం, ఆయన నీళ్ళ మీద నడుచుకుంటూ వస్తున్నాడు. ఇది మాత్రం నేను రాసినట్టే ఉంది. నా చేతిరాత నేను గుర్తుపట్టలేనా? ఒక పేజీ నమ్మమంటుంది, ఇంకో పేజీ కన్ను కొడుతుంది. నిద్రపోయినవాణ్ణి నమ్మాను గనక నడిచినవాణ్ణీ నమ్మాలా, నడిచినవాణ్ణి అనుమానించాను గనక నిద్రపోయినవాణ్ణీ వదిలెయ్యాలా? ఇద్దరూ ఒక్కరే అంటారు అత్తగారు. మళ్ళీ రెండు వందలు. ఆ వారం ఆఫీసులో ఒక పరుపుల కంపెనీకి నేను రాసిన ప్రకటనలో తుఫానూ పడవా వచ్చాయి. మా మేనేజరు నన్ను సెలవు పెట్టుకోమన్నాడు.

ఆసుపత్రిలో చేరే ముందు సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన పెట్టారు. పెద్ద ఆపరేషన్ అంటే అలా పెట్టుకోవడం వీళ్ళ ఆనవాయితీ. పాటలు, ప్రార్థన, తర్వాత వరసగా ఒక్కొక్కరూ నిలబడి సాక్ష్యం చెబుతారు. అంటే దేవుడు తమకు చేసిందేమిటో రెండు మాటల్లో. రెండు మాటలనే అంటారు గానీ, గోదావరి మనుషులకు రెండు మాటలంటే అరగంట. ఢిల్లీలో ఉన్న తెలుగు నర్సులందరూ మా ఇంట్లోనే ఉన్నారు. గుమ్మం ముందు చెప్పులు లిఫ్టు దాకా, అక్కణ్ణుంచి మెట్ల మీదుగా కింద గేటు దాకా ఉన్నాయి. పక్కింటి పంజాబీ ఆంటీ నేతి లడ్డూల డబ్బా పట్టుకుని వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. ఆవిడకు తెలుగులో ఒక్క ముక్క రాదు. అయినా అందరూ తలలూపినప్పుడు తనూ ఊపింది.

వరస నా దగ్గరికి వచ్చింది. ఏటా చర్చిలో నా సాక్ష్యం ఉంటుంది, ఏటా జనం నవ్వుతారు, పాస్టరుగారు నవ్వు ఆపుకుంటూ స్తోత్రం అంటారు. ఈసారి కూడా ఒకటి సిద్ధం చేసుకున్నాను. అత్తగారి పాత వాల్వు లెక్కలు చేసీ చేసీ అరిగిందనీ, కొత్తది సైన్సు సైడు అనీ. నిలబడ్డాను. నేను నోరు తెరవకముందే ముందు వరసలో పెదవులు విచ్చుకున్నాయి.

అత్తగారు కళ్ళజోడు తీసి బైబిలు మీద పెట్టారు. నవ్వితే కళ్ళు తుడుచుకోవడానికి అలా తీసి పెట్టుకుంటారు. తల వంచుకుని కూర్చున్నారు.

నా జోకు ఎటు పోయిందో పోయింది. నా నోట్లోంచి, నన్ను అడగకుండా, "యేసు దేవుడు" అని వచ్చింది. ముందూ వెనకా ఏమీ లేదు. రెండే మాటలు.

అందరూ నవ్వారు. ఇల్లు అదిరిపోయేలా నవ్వారు. ఫ్యాను గిరగిరా తిరిగింది, గోడ మీద క్యాలెండరు ఊడి పడింది, కింద గార్డు ఏం జరిగిందోనని ఈల ఊదాడు. తెలుగు రాని పంజాబీ ఆంటీ అందరికంటే ఎక్కువ నవ్వింది. నా మాటకు నవ్వడం వాళ్ళకు అలవాటు, నేనేం మాట్లాడానన్నది వేరే సంగతి. సగం తీసేసి వినే ఇంట్లో ఆ మాటలో సగం తీసేస్తే ఏం మిగులుతుంది మరి? మంచివాడు అన్న మాట మిగులుతుంది. దానికి ఇంత ప్రార్థన అక్కర్లేదు, పంజాబీ ఆంటీ లడ్డూలు చాలు.

అత్తగారు నవ్వలేదు. తలెత్తి, కళ్ళజోడు లేని కళ్ళతో నా వంక చూశారు. నేను కూర్చున్నాను. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. తర్వాత టీ, కేకు. అందరూ వెళ్ళాక మా ఆవిడ కప్పులు కడిగింది. నా కప్పు మాత్రం అలాగే వదిలేసింది.

ఆపరేషన్ రోజు పొద్దున్న మంచు ఎంత దట్టంగా ఉందంటే ఆసుపత్రిని చేత్తో తడుముతూ కనుక్కున్నాం. అత్తగారికి ఆకుపచ్చ గౌను వేసి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. గాజులు తీసి మా ఆవిడ దాచింది. కళ్ళజోడు నాకిచ్చారు. లిఫ్టు కోసం ఆగినప్పుడు మా ఆవిడ లోపలి వాళ్ళతో ఏదో మాట్లాడటానికి ముందుకు వెళ్ళింది. అత్తగారి తల దగ్గర నేనూ, కాళ్ళ దగ్గర మా అమ్మాయీ మిగిలాం.

ఆవిడ నా వైపు తల తిప్పారు. జోడు లేకపోతే ఆవిడకు మనిషి మసక మూటలా కనబడతాడు.

"మీ మొహం కనబడట్లేదు. ఇదే మంచిది, కనబడితే నాకు నవ్వొస్తుంది" అన్నారు. తర్వాత, పెళ్ళైనప్పట్నుంచి నన్నెప్పుడూ పిలవని పిలుపుతో పిలిచారు. "బాబూ, మొన్న ఆ మాటన్నావు. నిజంగానా, నవ్వులకా?"

అద్దె కోటు జారిపోయింది. గోదావరి మర్యాదలు, అత్తయ్యగారూ అన్న పిలుపు, అన్నీ పోయాయి.

"నాకు తెల్వదత్తమ్మా" అన్నాను. "అన్నప్పుడు నిజంగనే అన్న. ఎందుకన్ననో తెల్వదు. ఇప్పుడు మళ్ళ అనుమంటే రాదు."

ఆవిడ పైకప్పు వంక చూశారు. సమాధానం తప్పైనా చేసిన పద్ధతికి మార్కులు వెయ్యాలా అని ఆలోచించే టీచరులా.

"దీనికి సగం తియ్యక్కర్లేదులే" అన్నారు. లిఫ్టు తలుపు తెరుచుకుంది. తోసుకుపోతుంటే నా చెయ్యి వెతికి పట్టుకుని, "మార్చి పరీక్ష తప్పితే సెప్టెంబరు పరీక్ష ఉంటుంది. నేను చాలామందిని సెప్టెంబరులో గట్టెక్కించాను" అన్నారు.

తలుపు మూసుకుంది. కళ్ళజోడు నా చేతిలో ఉండిపోయింది.

ఆ తర్వాతి గంటల గురించి పెంచడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక బెంచీ, ఒక టీ మిషను, ఒక టీవీ. మా అమ్మాయి నా భుజం మీద తల పెట్టి పడుకుంది. ప్రార్థన చేద్దామనుకున్నాను గానీ ఎవరికి చెయ్యాలో తేలలేదు. మా ఇంటి గోడ మీది వాళ్ళందరినీ వరసగా తలుచుకున్నాను, ఎవరూ ఏమీ అనుకోకుండా. ఆ వరస అయిపోయాక, ఆయన మాత్రం వరసలో నిలబడకుండా పక్కన బెంచీ మీద కూర్చున్నట్టు అనిపించింది. అనిపించింది అంతే, నేనేం దర్శనాలు చూడలేదు. ఆ ఖాళీ వైపు తిరిగి లోలోపలే అన్నాను, పడవలో పడుకున్నవాడివి నువ్వేనైతే, ఇవాళ మాత్రం పడుకోకయ్యా. ఇంత మర్యాద లేని ప్రార్థన ఎవరైనా చేశారో లేదో నాకు తెలియదు. నమ్మనివాడు ఆ మాట ఎందుకంటాడు? నమ్మినవాడు అలా ఎందుకంటాడు? కళ్ళజోడు అద్దాలు చొక్కాతో తుడుస్తూ కూర్చున్నాను. తుడిచీ తుడిచీ అద్దం సగానికి అరిగింది.

మధ్యాహ్నం దాటాక మా ఆవిడ లోపల్నుంచి వచ్చింది. మాస్కు కిందికి లాగి, అమ్మ బాగుంది అని, నా పక్కన కూలబడి ఏడ్చింది. ఐసీయూలో రోజూ అంత చూసే మనిషి. నువ్వు లోపల ఎవర్ని పిలిచావు, ఏమని పిలిచావు అని అడిగాను. నాకు అంత ఆలోచన ఉండదు, పిలుస్తాను అంతే అంది.

అత్తగారు ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. ఎండలు ముదిరేదాకా ఉండమని డాక్టరు అన్నాడు. కొత్త వాల్వు టిక్కు టిక్కుమంటుంది. గది నిశ్శబ్దంగా ఉంటే వినబడుతుంది. గోడ గడియారం దాన్ని చూసి సరిచేసుకుంటోంది. బాల్కనీలో కూర్చుని, విమానం దిగిపోయాక, సిలబస్ ఎంతవరకు వచ్చిందండీ అని అడుగుతుంటారు. మళ్ళీ "అండీ"లోకి వచ్చేశారు. నీళ్ళ మీద నడిచిన పేజీ దగ్గరే ఆగిపోయానని చెబుతాను. అక్కడ చాలామంది ఆగుతారంటారు.

మాటిచ్చాను గనక చెప్పేస్తున్నాను. విమానాలు మా దండేన్ని తాకవు. చెప్పులు లిఫ్టు దాకా లేవు, గుమ్మం దాటి రెండడుగులు. కళ్ళజోడు అద్దం అరగలేదు. ఇవి పెంచినవి, వీటికి నేను క్షమాపణ చెబితే మా నాన్న ఆత్మ క్షోభిస్తుంది. కల్పించింది ఒక్కటే. ఆ నవ్వు.

ఆ సాయంత్రం ఎవరూ నవ్వలేదు. నేను ఆ రెండు మాటలూ అనగానే ఇల్లంతా చప్పుడు లేకుండా అయిపోయింది. పాస్టరుగారు నెమ్మదిగా ఆమేన్ అన్నారు. మా ఆవిడ టీ పళ్ళెంతో వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. పంజాబీ ఆంటీకి "యేసు" అన్న ఒక్క మాటా అర్థమై, చున్నీ తల మీదికి లాక్కుని చేతులు జోడించింది. మా అమ్మాయి నా వంక చూసింది. ఆ చూపులో సరోజినీ రేటు లేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా మాటను చెప్పిన ధరకే తీసుకుంది. అందరూ అలాగే తీసుకున్నారు.

అన్ని కళ్ళు అలా నమ్మి చూస్తుంటే నాకు నిలబడటం చేతకాలేదు. నవ్వింది నేను. గట్టిగా, ఒక్కణ్ణే. మర్యాదకైనా ఎవరూ కలవలేదు. అత్తగారు తలెత్తి చూసింది ఆ నవ్వునే. లిఫ్టు దగ్గర అడిగిందీ దాని గురించే.

ఎందుకు నవ్వానో నాకు తెల్వదు. దీనికి సగం తియ్యక్కర్లేదు.